వెన్ను మీద చెయ్యి వేయాలంటే ఏం చదవాలి?

పీయూసీ సైన్సు చదివే పిల్లలు ఈ మధ్య ఒక కొత్త ప్రశ్న అడుగుతున్నారు: వెన్నుపూసను చేత్తో సరిచేసే కైరోప్రాక్టర్ కావాలంటే ఏ కాలేజీలో చేరాలి? ఆ కోరిక ఫోన్‌లో చూసిన వీడియోల వల్ల పుట్టింది. బల్ల మీద పడుకున్న మనిషి మెడను ఒక్క తిప్పు తిప్పగానే టక్కుమని చప్పుడు వస్తుంది, ఆ మనిషి హాయిగా నవ్వుతాడు. కర్ణాటకలో తెలుగు మాట్లాడే చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి పిల్లలకు నా జవాబు ఒక్కటే: ఫిజియోథెరపీ చదవండి. కైరోప్రాక్టిక్‌లో మిమ్మల్ని ఆకట్టుకున్నది చాలావరకు ఫిజియోథెరపీలోనే దొరుకుతుంది. చట్టం అండ కూడా ఉంటుంది.

కైరోప్రాక్టిక్ 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో డి.డి. పామర్ చేతుల మీదుగా మొదలైంది. అక్కడ ఇప్పుడు డిగ్రీ స్థాయి చదువు తర్వాత మళ్లీ నాలుగేళ్ల డాక్టరేట్ కోర్సు, జాతీయ పరీక్షలు, రాష్ట్రం ఇచ్చే లైసెన్సు ఉంటేనే రోగిని ముట్టుకోవాలి. ఈ విద్యకు కనీసం 4,200 గంటల శిక్షణ కావాలని, అందులో 1,000 గంటలు గురువు ఎదుట రోగులకు చికిత్స చేస్తూ నేర్చుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే చెప్పింది. వారం రోజుల్లో, పది రోజుల్లో సర్టిఫికెట్ ఇస్తామనే ప్రకటనలను ఈ అంకెల పక్కన పెట్టి చూడండి. మన దేశంలో 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ఫిజియోథెరపీని గుర్తించిన వృత్తుల్లో చేర్చి, రిజిస్ట్రేషన్‌కు దారి చూపింది. కైరోప్రాక్టిక్‌కు అలాంటి కౌన్సిల్ ఇక్కడ లేదు. ఆ పేరుతో బోర్డు పెట్టుకున్నవాడికి రేపు ఏదైనా తేడా వస్తే చూపించుకోవడానికి ఏ రిజిస్ట్రేషనూ ఉండదు.

కీళ్లను చేత్తో కదిలించే విద్య ఫిజియోథెరపీలోనూ ఉంది, దాన్ని మాన్యువల్ థెరపీ అంటారు. ఆస్ట్రేలియాకు చెందిన మైట్‌ల్యాండ్, న్యూజిలాండ్‌కు చెందిన మెకంజీ, మల్లిగన్ రూపొందించిన పద్ధతులు మన క్లినిక్‌లలో రోజూ వాడేవే. వీటికి తోడుగా వేడి కాపడం, ఐసు, అల్ట్రాసౌండ్, సన్నని కరెంటుతో నొప్పి తగ్గించే టెన్స్, ఐఎఫ్‌టీ మిషన్లు, వెన్నును సాగదీసే ట్రాక్షన్ ఉంటాయి. కైరోప్రాక్టర్లు కూడా ఇవే వాడుకుంటారు. అతుక్కునే రంగు పట్టీ, అంటే కినీసియో టేప్, ఒక జపాన్ కైరోప్రాక్టర్ 1970లలో కనిపెట్టిందే.

అయితే ఈ పరికరాల విలువ ఎంతో విద్యార్థిగా మీరు ముందే తెలుసుకోవాలి. దీర్ఘకాలిక నడుము నొప్పిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. వ్యాయామం, రోగికి అవగాహన కల్పించడం, వెన్నుపూసను చేత్తో సరిచేసే చికిత్స, మర్దన లాంటివి అందులో ఆమోదం పొందాయి. ట్రాక్షన్, అల్ట్రాసౌండ్, టెన్స్, నడుము బెల్టులను మామూలుగా వాడవద్దని అదే పత్రం చెప్పింది. మన ఊళ్లలో చాలా క్లినిక్‌లు నడిచేది ఈ రెండో జాబితా మీదే! రోగికి మిషన్ పెట్టి, పదిహేను నిమిషాలు గడిచాక తీసేసే ఉద్యోగం కోసం ఇన్నేళ్లు చదవనక్కరలేదు. పరీక్షించడం, నిర్ణయించడం, వ్యాయామం నేర్పడం, రోగి చేత దాన్ని మానకుండా చేయించడం, ఇవీ మీ వృత్తి. కాలేజీ ఎంచుకునేటప్పుడు కూడా మిషన్లు ఎన్ని అని అడక్కండి. అనుబంధ ఆసుపత్రికి రోజుకు ఎంతమంది రోగులు వస్తారో అడగండి.

ఇక మన ప్రాంతం సంగతి. ఇక్కడ వెన్ను మీద చెయ్యి వేసేవాడు ముందు నీళ్ల గురించి అడగాలి. బాగేపల్లి, చింతామణి పరిసరాల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు. అంతకు మించిన నీళ్లను ఏళ్ల తరబడి తాగితే ఎముక గట్టిపడినట్టు కనిపిస్తూనే పెళుసుబారుతుంది. వెన్నుపూసలను పట్టి ఉంచే బంధనాల్లో సున్నం పేరుకుని నడుము, మెడ కర్రలా బిగుసుకుపోతాయి. ముదిరితే వెన్నుపాము మీద ఒత్తిడి పడి కాళ్లు చచ్చుబడతాయి. ‘మెడ పట్టేసింది’ అంటూ వచ్చిన అలాంటి పెద్దాయన మెడను వీడియోలో చూసినట్టు తిప్పితే ఏమవుతుందో వేరే చెప్పాలా? ఎక్స్‌రే చూడకుండా అక్కడ చెయ్యి పెట్టకూడదు.

వెన్ను క్షయ కూడా మొదట్లో మామూలు నడుము నొప్పిలాగే ఉంటుంది. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని నొప్పి కనిపిస్తే చికిత్స ఆపి డాక్టరు దగ్గరికి పంపాలి. మూత్రం మీద అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా అది గంటల్లో ఆసుపత్రికి చేర్చాల్సిన కేసు. మెడను జోరుగా తిప్పడం వల్ల మెదడుకు వెళ్లే రక్తనాళం చిరిగి పక్షవాతం వచ్చిన సందర్భాలూ వైద్య సాహిత్యంలో ఉన్నాయి, అరుదే అయినా. ఎవరిని ముట్టుకోకూడదో తెలుసుకోవడానికే సగం చదువు పడుతుంది.

ఎముక విరిగితే వేసే పుత్తూరు నాటు కట్టు మీద మన వైపు నమ్మకం ఎక్కువ. కట్టు ఎవరు కట్టినా, విప్పాక బిగుసుకుపోయిన మోచేతిని మళ్లీ వంచే పని ఫిజియోథెరపిస్టుదే. నూనె రాసి, గట్టిగా మర్దన చేసి, బలవంతంగా వంచితే ఆ మోచేతి చుట్టూ కండరంలో ఎముక పెరిగి చెయ్యి శాశ్వతంగా మడత పడకుండా పోవచ్చు. 44వ నంబరు జాతీయ రహదారి మీద బైకు ప్రమాదాలు, టమాటా మార్కెట్లో బరువులెత్తే హమాలీలు, శిడ్లఘట్టలో రోజంతా పట్టు తీసే చేతులు, బెంగళూరుకు రోజూ తిరిగే ఉద్యోగుల మెడనొప్పులు... రోగులకు కొరత లేదు. నొప్పి సలుపా, పోటా, తిమ్మిరా, మంటా అని బాగేపల్లి అవ్వను ఆమె తెలుగులోనే అడిగి రాబట్టగలిగితే, బయటి నుంచి వచ్చిన వాళ్లకు లేని బలం మీకు ఉన్నట్టే.

చేరే దారి చూద్దాం. పీయూసీలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ఉండాలి. కర్ణాటకలో బీపీటీ, అంటే ఫిజియోథెరపీ డిగ్రీ కాలేజీలు ఎక్కువగా రాజీవ్ గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద ఉన్నాయి, సీట్ల కేటాయింపు రాష్ట్ర పరీక్షల ప్రాధికార సంస్థ కేఈఏ చూస్తుంది. ఇంతకుముందు కోర్సు నాలుగున్నరేళ్లు. 2025 ఏప్రిల్‌లో జాతీయ కమిషన్ విడుదల చేసిన కొత్త పాఠ్యప్రణాళిక ప్రకారం ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదేళ్లు, ప్రవేశానికి నీట్ కూడా అడిగింది. కాబట్టి కేఈఏ నడిపే సీఈటీ, జాతీయ స్థాయి నీట్ రెండింటికీ దరఖాస్తు పెట్టండి. మాట్లాడేది తెలుగే కదా, తిరుపతిలోనో విజయవాడలోనో సీటు సులభంగా వస్తుందని కొందరు తల్లిదండ్రులు అనుకుంటారు. ఆంధ్రలో స్థానికత చదివిన చోటును బట్టి ఉంటుంది, భాషను బట్టి కాదు. కర్ణాటకలో చదివినవాళ్లు ముందు కర్ణాటక సీట్ల మీదే దృష్టి పెట్టాలి.

బీపీటీ తర్వాత రెండేళ్ల పీజీ కోర్సు ఎంపీటీలో ఎముకలు, క్రీడలు, నరాలు లాంటి విభాగాలు ఉన్నాయి. మాన్యువల్ థెరపీ మీద ఇష్టముంటే ఎముకలు, కీళ్ల విభాగం తీసుకోండి. మొదటి రెండు మూడేళ్లు జీతం తక్కువగానే ఉంటుంది, అది దాచడం నాకిష్టం లేదు. జిల్లా ఆసుపత్రుల్లో వృద్ధుల ఆరోగ్య పథకం కింద, రైల్వేలో, ఈఎస్ఐ ఆసుపత్రుల్లో పోస్టులు ఉంటాయి. ఇంటికి వెళ్లి చేసే చికిత్సకు బెంగళూరులో గిరాకీ బాగుంది. విదేశాలకు వెళ్లాలంటే ఆ దేశపు లైసెన్సు పరీక్షలు, రిజిస్ట్రేషన్ వేరుగా ఉంటాయి. అప్పటికీ కైరోప్రాక్టిక్ మీద మనసుంటే అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పూర్తి కోర్సు చదవవచ్చు, ఖర్చు మాత్రం పెద్దది.

దరఖాస్తు పెట్టేముందు ఒక పని చేయండి. జిల్లా ఆసుపత్రికో, ముద్దేనహళ్లిలో 2023లో మొదలైన ఉచిత వైద్య కళాశాల ఆసుపత్రికో వెళ్లి, అనుమతి అడిగి, ఫిజియోథెరపీ విభాగంలో ఒక పూట కూర్చోండి. పక్షవాతం వచ్చిన మనిషి వేలు కదిలించడానికి పడే అవస్థను, పక్కన నిలబడి అదే మాట ఇరవైసార్లు చెప్పే ఫిజియోథెరపిస్టు ఓపికను చూడండి. ఆ పని మీకు నచ్చితే ఫారం నింపండి.