పదేళ్ళ ఆడీ కొనబోయే ముందు

చిరంజీవి అబ్బాయికి,



ఇక్కడ ఢిల్లీలో అమ్మకానికి ఉన్న బండి గురించి నువ్వు పంపిన ఫొటోలు, జనక్‌పురిలో మా ఇంట్లో కూర్చుని చూశాను. 2016 ఆడీ క్యూ7, డీజిలు, పదమూడు లక్షలు. 2015 డిసెంబరులో ఈ మోడలు మన దేశంలోకి వచ్చినప్పుడు ఎక్స్-షోరూమ్ ధరే 72 లక్షల దగ్గర మొదలైంది. ఐదో వంతు కన్నా తక్కువకే వస్తోందని సంబరపడుతున్నావు. మోటారు ఇన్సూరెన్సు సర్వేయరుగా ఉన్నన్నాళ్ళూ ఇలాంటి బళ్ళను విప్పదీసి చూసినవాణ్ణి కాబట్టి, నువ్వు డబ్బు పంపకముందే నాలుగు మాటలు రాయాలనిపించింది.

ముందు ఆ ధర సంగతి. ఢిల్లీలో డీజిలు బండికి పదేళ్ళే ఆయుష్షు అని 2015లో హరిత ట్రిబ్యునల్ అంది, 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. 2025 జులై 1 నుంచి అలాంటి బళ్ళకు బంకుల్లో డీజిలు పోయడం ఆపేశారు, వారం తిరక్కుండానే ఆ ఆంక్షను పక్కనపెట్టారు. 84 లక్షల మెర్సిడెస్ ఎంఎల్ 350ని ఒకాయన రెండున్నర లక్షలకు అమ్ముకున్నాడని పేపర్లలో వచ్చింది ఆ రోజుల్లోనే. ఆగస్టులో సుప్రీంకోర్టు యజమానులకు ఊరట ఇచ్చింది. డిసెంబరులో ఆ ఊరటను బీఎస్-4, ఆపై కాలుష్య ప్రమాణాల బళ్ళకే పరిమితం చేసింది. నువ్వు చూసిన క్యూ7 బీఎస్-4 అయినా, మళ్ళీ ఎప్పుడు ఏ ఉత్తర్వు వస్తుందోనన్న భయంతో జనం అమ్మేస్తున్నారు. కాబట్టి ధర తక్కువగా ఉన్నంత మాత్రాన బండి చెడ్డదని నేననను. అయితే బండి ధర పదమూడు లక్షలకు పడిపోయినా, దాని సామాను ధర ఇంకా డెబ్భై లక్షల బండి సామాను ధరే. ఇది మనసులో పెట్టుకునే మిగతాది చదువు.

అన్నిటికంటే ముందు ఎయిర్ సస్పెన్షన్. ఈ బండి స్ప్రింగుల మీద కాదు, గాలి నింపిన రబ్బరు సంచుల మీద నిలబడుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ రబ్బరు మడతల దగ్గర వెంట్రుక వాసి పగుళ్ళు వస్తాయి. పగలు తెలియదు. రాత్రంతా నిలిపి ఉంచి పొద్దున చూస్తే ఒక మూల చక్రం మీదికి బాడీ కుంగి ఉంటుంది. సబ్బునీళ్ళు చల్లితే మడతలో సన్నగా నురగ లేస్తుంది. స్టార్ట్ చేయగానే కంప్రెసర్ గాలి నింపేస్తుంది కాబట్టి కొనేవాడి కంట పడదు. అలా రోజూ ఎక్కువసేపు తిరిగి తిరిగి చివరికి కంప్రెసర్ కూడా కాలిపోతుంది. షోరూములో ఆ గాలి సంచి ఉన్న ఒరిజినల్ స్ట్రట్ వేయిస్తే ఒక్కోదానికి లక్ష దాటుతుందనుకో, కంప్రెసర్‌కి అరలక్ష పైమాటే. మా పక్కనే ఉన్న మాయాపురిలో పాత సామాను దొరుకుతుంది, బాగా తగ్గించి ఇస్తారు కూడా. తలుపులూ అద్దాలూ అక్కడ కొనుక్కో, తప్పులేదు. రబ్బరు సామాను మాత్రం పాతది కొనకు.

ఇంజన్ విషయానికొస్తే, ఆడీ 3.0 టీడీఐలో టైమింగ్ చైన్లు వెనక, గేర్‌బాక్సు వైపున ఉంటాయి. వాటి జోలికి వెళ్ళాలంటే ఇంజనో గేర్‌బాక్సో దించాల్సిందే. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో వెనకనుంచి గలగలమని వినిపిస్తే ఆ బండిని వదిలెయ్. ఇది కాకపోతే అని నువ్వడిగిన మెర్సిడెస్ వీ6 డీజిలులో ఆయిల్ కూలర్ సీళ్ళు కారతాయి. ఆ సీళ్ళ ఖరీదు స్వల్పం. అవి ఇంజన్ రెండు సిలిండర్ వరుసల మధ్య లోయలో కూర్చుని ఉంటాయి. అక్కడికి చేరడానికి టర్బో, ఇన్‌టేక్ మ్యానిఫోల్డూ విప్పాలి, బిల్లంతా ఆ కూలీదే. గేర్ ఆయిలు జీవితాంతం మార్చక్కర్లేదని ఎవరైనా చెబితే నమ్మకు. క్యూ7 ఎనిమిది గేర్ల గేర్‌బాక్సు తయారుచేసిన జెడ్‌ఎఫ్ కంపెనీయే 80 వేల నుంచి లక్షా ఇరవై వేల కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. మార్చినట్టు బిల్లు లేకపోతే దానికయ్యే నలభై యాభై వేలు ధరలో కొట్టేయమను.

ఇన్సూరెన్సు ఉంటుందిగా అని రాశావు. నాయనా, ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. పాలసీ ప్రమాదానికి ఇస్తుంది గాని అరుగుదలకు, మెకానికల్ రిపేరుకు పైసా ఇవ్వదు. ప్రమాదం జరిగినా, రబ్బరు, ప్లాస్టిక్ సామాను మీద సగం తరుగుదల కోస్తారు. పదేళ్ళు దాటిన బండికి లోహపు సామాను మీద కూడా సగమే. తరుగుదల కోయని జీరో డిప్ కవరు ఇంత పాత బండికి దొరకడం కష్టం. వరదనీళ్ళు ఇంజన్‌లోకి చేరి రాడ్లు వంగితే, ఇంజన్ ప్రొటెక్షన్ కవరు విడిగా తీసుకోకపోయి ఉంటే సాధారణంగా క్లెయిము రాదు.

వరద అంటే గుర్తొచ్చింది. 2023 జులైలో యమున 208.66 మీటర్లకు చేరినప్పుడు ఇక్కడా, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మన విజయవాడలోనూ బళ్ళు నీట మునిగాయి. అలాంటివి తుడిచి అమ్ముతారు. సీటు బెల్టు చివరిదాకా లాగితే మడ్డి గీత కనిపిస్తుంది. కార్పెట్ ఎత్తితే వైర్ల కప్లర్లలో పచ్చటి చిలుం ఉంటుంది.

కాగితాల దగ్గర మొహమాటపడకు. బండిని రాష్ట్రం దాటించడానికి ఫారం 28 ఎన్‌ఓసీ, లోను తీరిందని ఫారం 35 చేతికి రాకుండా బండి కదలకూడదు. మన రాష్ట్రంలో పన్ను నువ్విచ్చిన పదమూడు లక్షల మీద కాదు, బండి అసలు ఖరీదూ వయసూ చూసి కట్టించుకుంటారు. ముందే ఆర్టీవో ఆఫీసుకెళ్ళి లెక్క వేయించుకో.

మీ నరసరావుపేటలో ఈ బండికి స్కానర్ పెట్టి చదవగలిగే మెకానిక్ ఉన్నాడా? జాకీతో ఎత్తే ముందు స్క్రీన్‌లో జాక్ మోడ్ పెట్టాలని తెలిసినవాడు ఉన్నాడా? లేకపోతే ప్రతి చిన్నదానికీ ట్రక్కు మీద హైదరాబాదు పంపాలి. నీ దగ్గర పదమూడు కాక ఇంకో నాలుగు లక్షలు రిపేర్లకు విడిగా ఉంటేనే ముందుకెళ్ళు. ఉన్నదంతా ఊడ్చి కొనేటట్టయితే వద్దు, అదే డబ్బుకి మంచి ఇన్నోవా చూసుకో. మీ నాన్న మోకాళ్ళకి అది ఎక్కడమూ సుఖమే.

ఇప్పుడు చేయవలసింది ఒక్కటే. ఛాసిస్ నంబరు నాకు పంపు, సర్వీసు చరిత్ర తీయిస్తాను, మీటరు వెనక్కి తిప్పారో లేదో అందులోనే బయటపడుతుంది. అమ్మేవాడికి ముందురోజు బండి ముట్టుకోవద్దని చెప్పు, తెల్లవారే నా మెకానిక్‌ని తీసుకుని వెళ్తాను. అప్పటిదాకా టోకెన్ అడ్వాన్సు పేరుతో ఎవరికీ రూపాయి పంపకు.



ఇట్లు
మీ పెదనాన్న