పిందె నిలబెట్టేది తేనెటీగ

"పాదు నిండా పూలే వదినా. పిందె ఒక్కటీ నిలబడ్డం లేదు. దిష్టి తగిలిందేటో!"

"దిష్టి కాదు, పురుగు. మందు కొట్టించు."

గాజువాక వైపు పెరళ్ళలో గుమ్మడి పాదు దగ్గర ఇలాంటి మాటలు వినబడతాయి. దిష్టి సంగతి అలా ఉంచుదాం. ముందు పువ్వును చూద్దాం.

గుమ్మడికి రెండు రకాల పూలు పూస్తాయి. మగ పువ్వు కింద సన్నని పొడవాటి కాడ ఒక్కటే ఉంటుంది. ఆడ పువ్వు కింద గోలీ అంత పిందె ఉంటుంది. మగ పువ్వు మధ్యలో వేలు పెడితే పసుపు పొడి అంటుతుంది. అదే పుప్పొడి. అది ఆడ పువ్వు మధ్య భాగానికి చేరాలి. అలా చేరడాన్ని పరాగ సంపర్కం అంటారు. అది జరిగితేనే లోపల గింజ కడుతుంది, పిందె కాయ అవుతుంది. పుప్పొడి చాలకపోతే కాయ వంకర పోతుంది. అసలు చేరకపోతే పిందె రాలిపోతుంది.

మరి ఈ పుప్పొడిని ఎవరు మోస్తారు? మొక్కజొన్నకైతే గాలి మోస్తుంది. వరికి మోసేవాళ్ళ అవసరమే లేదు, తన పువ్వులోని పుప్పొడి తనకే సరిపోతుంది. గుమ్మడి పుప్పొడి అలా కాదు. బరువు, పైగా జిగురు. గాలికి ఎగరదు. ఆడ పువ్వు విచ్చుకునేది ఒక్క ఉదయమే. ఎండెక్కేసరికి ముడుచుకుపోతుంది. ఆ కొద్ది గంటల్లో తేనెటీగ రావాలి.

తేనెటీగ మన కాయ కోసం రాదు. తన తిండి కోసం వస్తుంది. దాని ఒంటినిండా నూగు ఉంటుంది. మగ పువ్వులో దూరినప్పుడు పుప్పొడి నూగుకు అంటుకుంటుంది. ఆడ పువ్వులో దూరినప్పుడు రాలుతుంది. ఇలా పూల చుట్టూ తిరిగేవన్నీ ఆడ ఈగలే. పోతు ఈగలు పనికి పోవు. (చదివే అమ్మలు నవ్వుకోవచ్చు!) ఒక ఈగ బతికినన్నాళ్ళూ కష్టపడి కూడబెట్టే తేనె టీ చెంచాలో పన్నెండో వంతు.

అన్ని పూలకూ తేనెటీగే దిక్కు అని కాదు. మామిడి పూతకు ఎక్కువ సాయం చేసేవి మనం చీదరించుకునే మామూలు ఈగలు. ఆనప పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. దానికి రాత్రి తిరిగే రెక్కల పురుగులు కావాలి.

ఇప్పుడు మందు సంగతి. పొద్దున్నే, విచ్చుకున్న పూల మీద మందు కొడితే ఏమవుతుంది? పిందె నిలబెట్టే ఈగే చచ్చిపోతుంది. మందు కొట్టక తప్పకపోతే, గుమ్మడికి పూలు ముడుచుకున్నాక సాయంత్రం కొట్టాలి. పెరట్లో ఈగలు రాకపోతే ఒక ఉపాయం ఉంది. ఉదయాన్నే మగ పువ్వు తెంపి, రేకులు తీసేసి, ఆడ పువ్వు మధ్యలో మెల్లగా రాయాలి.

ఒక పాదుకైతే చెయ్యి చాలు. చేనుకు చాలదు. అరకు, పాడేరు కొండల్లో వలిసెలు పండిస్తారు. (2022 దాకా అవి విశాఖ జిల్లాలోనే ఉండేవి. ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా.) వాన కాలం పోయాక చేలన్నీ పసుపు ఆరబోసినట్టు ఉంటాయి. పట్నం వాళ్ళు వెళ్ళి ఫోటోలు దిగుతారు. రైతుకు కావలసింది ఫోటో కాదు, నూనె గింజ. వలిసె మొక్కకు తన పుప్పొడితో గింజ కట్టడం చాలా అరుదు. పక్క మొక్క పుప్పొడి కావాలి. దాన్ని తెచ్చేది ముఖ్యంగా తేనెటీగే. ఎకరం చేలో అన్ని పూలను చేత్తో రాయడం ఎవరి తరం?

కొండల మీద గిరిజనులు తీసిన తేనెను గిరిజన సహకార సంస్థ కొంటుంది. 1956లో పెట్టిన ఈ సంస్థ ప్రధాన కార్యాలయం విశాఖలోనే ఉంది. తేనె తీయడంలో రెండు పద్ధతులున్నాయి. పట్టుకు మంట పెట్టి మొత్తం దులిపేయడం ఒకటి. అందులో ఈగలూ పోతాయి, పిల్లలూ పోతాయి. మరుసటి ఏడు ఆ చెట్టుకు పట్టు ఉండకపోవచ్చు. రెండోది, పొగ పెట్టి ఈగలను తప్పించి, తేనె ఉన్న భాగం మటుకే కోసి, పిల్లలున్న భాగం వదిలేయడం. ఈ రెండో పద్ధతిలో ఈగలు మళ్ళీ తేనె పెట్టుకుంటాయి.

పెద్ద పట్టు పెట్టే కొండ తేనెటీగ పెట్టెలో ఇమడదు. తొర్రల్లో, పుట్టల్లో ఉండే పుట్ట తేనెటీగను చెక్క పెట్టెలో పెంచవచ్చు. పెట్టెలోని చట్రాలను యంత్రంలో తిప్పితే తేనె కారుతుంది, పట్టు చెదరదు. చట్రాన్ని మళ్ళీ పెట్టెలో పెట్టేయవచ్చు. పెట్టెను పూత ఉన్న చేను గట్టున, నీడలో, నీళ్ళకు దగ్గరలో ఉంచాలి. పక్క చేను వాళ్ళు మందు కొట్టే రోజు ముందే చెప్పమనాలి. ఆ రోజు పెట్టె తలుపు మూసి ఉంచాలి.

మాట్లాడుకోండి: మీ వీధిలో తేనెపట్టు ఎక్కడుంది? పోయిన ఏడాది ఎన్ని ఉండేవి?