క్యాష్‌ను తాకని మెమరీ – కెర్నల్ ఎలా కేటాయిస్తుంది?



నోటీసు బోర్డులోని పరీక్షల టైంటేబుల్‌ను మనం నోటుబుక్కులో ఎక్కించుకుంటాం. తర్వాత బోర్డు మీద తేదీ మారినా, మన పుస్తకంలో పాత తేదీయే ఉంటుంది. కంప్యూటర్‌లో ఆ బోర్డు ర్యామ్ అయితే, నోటుబుక్కు క్యాష్ మెమరీ.

ప్రాసెసర్ వేగం కోసం ర్యామ్‌లోని సమాచారాన్ని క్యాష్‌లోకి తెచ్చుకొని వాడుతుంది. నెట్‌వర్క్ కార్డు వంటి పరికరాలు మాత్రం నేరుగా ర్యామ్‌లోనే రాస్తాయి. దీనిని డి.ఎం.ఎ. అంటారు. మామూలు పి.సి.లలో ఈ రెండింటికీ పొత్తు కుదిర్చే పని హార్డ్‌వేరే చేస్తుంది. చాలా మిప్స్, ఆర్మ్ బోర్డులలో ఆ సౌకర్యం లేదు. అక్కడ ప్రాసెసర్ పాత సమాచారమే చదివితే ఎర్రర్ కూడా కనబడదు, డేటా మాత్రం పాడవుతుంది. అందుకే కొంత మెమరీని క్యాష్ లేకుండా కేటాయించాలి. దాని రూపకల్పనలో నాలుగు సూత్రాలున్నాయి.

1. ఒకే ర్యామ్ భాగాన్ని ఒకేసారి క్యాష్ ద్వారానూ, క్యాష్ లేకుండానూ వాడకూడదు.

2. మార్పు చేసే ముందు క్యాష్‌లో మిగిలిన రాతలను ర్యామ్‌కు చేర్చి, క్యాష్‌ను ఖాళీ చేయాలి. లేకుంటే పాత రాత ఆలస్యంగా వచ్చి కొత్తదానిని చెరిపేస్తుంది.

3. ఇది ఖర్చుతో కూడిన పని. కనుక పెద్ద ముక్కను ఒకేసారి మార్చి, పేజీలుగా పంచాలి.

4. ఏ పేజీ ఖాళీ, ఏది వాడకంలో ఉంది అనే లెక్కను మామూలు మెమరీలోనే ఉంచాలి. క్యాష్ లేని మెమరీలో పెడితే ప్రతి వెతుకులాటా నెమ్మదిస్తుంది.

2005లో ఎస్.జి.ఐ. సంస్థ ఇటానియం ప్రాసెసర్ కోసం లినక్స్‌లో చేర్చిన అలొకేటర్ ఇలాంటిదే. అది 16 లేదా 64 మెగాబైట్ల 'గ్రాన్యూల్'ను ఒకేసారి మార్చి, పేజీలుగా ఇచ్చేది. తిరిగి వచ్చిన పేజీని మామూలు మెమరీలో కలపకుండా తన నిల్వలోనే ఉంచుకొనేది. 2024 జనవరిలో వచ్చిన లినక్స్ 6.7లో ఇటానియం కోడ్‌ను తొలగించారు. పాత వెర్షన్ల సోర్స్‌లో దానిని ఇప్పటికీ ఉచితంగా చదవవచ్చు.

మీకొక అభ్యాసం: 1 మెగాబైటు మెమరీని 4096 బైట్ల పేజీలుగా విడగొడితే 256 పేజీలు వస్తాయి. పేజీకి ఒక్క బిట్ చొప్పున లెక్క రాస్తే 32 బైట్లు చాలు. పేజీ ఇచ్చే ఫంక్షన్, తిరిగి తీసుకొనే ఫంక్షన్ 'సి' భాషలో రాయండి. ఇచ్చిన పేజీని రెండుసార్లు తిరిగి ఇస్తే ఏమవుతుందో పరీక్షించండి.

మన ఇళ్ళలో ఈ మాటలు చెప్పేవారు లేరని జంకకండి. లెక్క తప్పకుండా రాయడం వచ్చినవారికి కెర్నల్ కూడా అర్థమవుతుంది.