చర్మతత్వం చూసి కొనే ముందు పెట్టె వెనక్కి తిప్పండి

ఈమధ్య న్యాయ సలహా కోసం వస్తున్న వినియోగదారుల ఫిర్యాదుల్లో ఒకే రకమైనవి వరస కడుతున్నాయి. కొరియా గ్రీన్ టీ సీరం, టోనర్, క్రీము వాడితే మొహం మంట పుట్టింది, దద్దుర్లు లేచాయి, మొటిమలు ఎక్కువయ్యాయి, తగ్గాక మచ్చలు మిగిలాయి. ‘సున్నితమైన చర్మానికి ప్రత్యేకం’ అని రాసి ఉంటేనే కొన్నాం, ఇప్పుడు ఏం చెయ్యాలని అడుగుతున్నారు. వాళ్ళ బాధ నిజం. చాలా సందర్భాల్లో చట్టం కూడా వాళ్ళ పక్షానే ఉంది. అయినా ఎక్కువ ఫిర్యాదులు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతున్నాయి. పెట్టె ఏదని అడిగితే పారేశామంటారు. దాని మీద మన దేశపు దిగుమతిదారు పేరు, చిరునామా ఉన్న స్టిక్కర్ ఉందా అంటే చూడలేదంటారు. జిడ్డు చర్మమా, పొడి చర్మమా అని నాలుగు రోజులు ఆలోచించి కొన్నవాళ్ళు ఆ స్టిక్కర్ కోసం నాలుగు క్షణాలు పెట్టడం లేదు. సీసా ముందు వైపు రాసిన చర్మతత్వం మాట చట్టం దృష్టిలో ఒక హామీ. ఆ హామీకి జవాబు చెప్పే మనిషి మన దేశంలో దొరికితేనే దానికి విలువ. ఆ మనిషి ఎవరో చెప్పేది పెట్టె వెనకున్న స్టిక్కరే.

ముందు సరుకు సంగతి చూద్దాం. గ్రీన్ టీ ఆకులో కాటెచిన్లు అనే పదార్థాలుంటాయి. వాటిలో ముఖ్యమైనది ఇ.జి.సి.జి. మొటిమల మీద అది ఎలా పనిచేస్తుందో కొరియా పరిశోధకులే 8 వారాల పాటు పరీక్షించి 2013లో ప్రచురించారు. మొహంలో ఒక సగానికి అది పూసి, రెండో సగంతో పోల్చి చూశారు. వాళ్ళు వాడింది 1 శాతం, 5 శాతం గాఢత. మొటిమలు తగ్గాయని తేలింది. అంటే గ్రీన్ టీ చర్మానికి మేలు చేస్తుందన్న మాట గాలిలోంచి పుట్టింది కాదు. కానీ ఆ మేలు ఒక తెలిసిన గాఢత దగ్గర కనిపించింది. బజారులో దొరికే సీసాల మీద ‘గ్రీన్ టీ’ అని పెద్ద అక్షరాలుంటాయి తప్ప ఎంత శాతమో చాలావాటి మీద ఉండదు. జెజు దీవి తోటల ఆకు అని, బొసొంగ్ కొండల ఆకు అని రాస్తారు. అమోర్‌పసిఫిక్ సంస్థ 1979లో జెజులో టీ తోటలు వెయ్యడం మొదలుపెట్టింది. బొసొంగ్ టీకి కొరియాలో పెద్ద పేరుంది. అవన్నీ నిజాలే. అయితే ఆకు ఎక్కడ పండిందన్న సమాచారం, ఆ సీసాలో అది ఎంత ఉంది, దాంతో పాటు ఇంకేం కలిపారన్న ప్రశ్నలకు జవాబు కాదు.

ఆ జవాబు కోసం పదార్థాల జాబితా చదవాలి. మన సౌందర్య సాధనాల నియమాలు, 2020 ప్రకారం పదార్థాలను బరువులో గానీ పరిమాణంలో గానీ ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదానికి వరసగా రాయాలి. 1 శాతం, అంతకన్నా తక్కువ ఉన్నవాటిని చివర ఏ వరసలోనైనా రాయవచ్చు. గ్రీన్ టీ అక్కడ కామెల్లియా సినెన్సిస్ అన్న శాస్త్రీయ నామంతో కనిపిస్తుంది. ఆకు సారమైతే లీఫ్ ఎక్స్‌ట్రాక్ట్ అని, గింజల నూనైతే సీడ్ ఆయిల్ అని ఉంటుంది. జిడ్డు చర్మానికి ఆకు సారంతో చేసిన పలచని జెల్ నప్పుతుంది. పొడి చర్మానికి గింజల నూనె ఉన్న క్రీము మేలు. మిశ్రమ చర్మం ఉన్నవాళ్ళు నుదురుకీ ముక్కుకీ పలచనిది, బుగ్గలకు కాస్త చిక్కనిది వాడుకోవచ్చు. సున్నితమైన చర్మం ఉన్నవాళ్ళు గ్రీన్ టీ ఉందా లేదా అన్నదానికంటే సువాసన కోసం కలిపిన పదార్థాలు, లిమోనీన్, లినలూల్, డీనేచర్డ్ ఆల్కహాల్ ఉన్నాయేమో చూడాలి. మంట చాలాసార్లు ఆకు వల్ల కాదు, ఆకుతో పాటు వచ్చిన పరిమళం వల్ల పుడుతుంది. జాబితా కనిపించని చిన్న సైజు సీసాను వీళ్ళు కొనకపోవడమే క్షేమం.

చట్టం మాటకొస్తే, మొదట ఒక అపోహ తొలగాలి. నా చర్మానికి పడలేదు కాబట్టి కంపెనీ నష్టపరిహారం ఇవ్వాల్సిందే అనుకుంటే పొరపాటు. పడకపోవడం వేరు, లోపం వేరు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 దృష్టిలో లోపమంటే నాణ్యతలో, పరిమాణంలో, శక్తిలో, శుద్ధిలో చట్టం కోరిన ప్రమాణానికి, లేదా అమ్మకందారు చెప్పిన మాటకు తగ్గి ఉండటం. ఇక్కడే చర్మతత్వం మాటకు బలమొస్తుంది. ‘సువాసన కలపలేదు, సున్నిత చర్మానికి సురక్షితం’ అని ముందు రాసి, వెనక జాబితాలో సువాసన పదార్థం పెడితే అది చెప్పిన మాట తప్పడమే. అదే చట్టంలోని 84వ సెక్షన్ ప్రకారం స్పష్టమైన హామీకి తగ్గట్టు వస్తువు లేకపోతే తయారీదారు బాధ్యుడు. హామీ ఇవ్వడంలో నిర్లక్ష్యం గానీ మోసం గానీ లేదని రుజువు చేసుకున్నా ఆ బాధ్యత పోదు. లేబుల్ మాటను ఇంత గట్టిగా పట్టుకోవడం అతి అనిపించవచ్చు. కానీ కొరియాలో వినియోగదారులు చేసింది కూడా ఇదే. ఇన్నిస్‌ఫ్రీ గ్రీన్ టీ సీడ్ సీరం సీసా మీద ‘నేను కాగితం సీసాను’ అన్న అర్థమొచ్చేలా రాసి ఉంటే, 2021లో ఒకరు దాన్ని కోసి లోపల ప్లాస్టిక్ సీసా ఉందని చూపించారు. ప్లాస్టిక్ తగ్గించిన మాట నిజమేనని చెబుతూనే, ఆ పేరు వల్ల అపార్థం కలిగినందుకు కంపెనీ క్షమాపణ చెప్పింది. సీసా మీద రాసినదాన్ని రాసినట్టే నమ్మే హక్కు కొన్నవాళ్ళది.

హామీ ఇచ్చిన తయారీదారు సియోల్‌లో ఉన్నప్పుడు అనకాపల్లిలోనో కరీంనగర్‌లోనో ఉన్న కొనుగోలుదారు ఎవరిని పట్టుకోవాలి? దీనికీ చట్టం దారి చూపింది. 2019 చట్టంలో అమ్మకందారు అంటే దుకాణదారు ఒక్కడే కాదు, వ్యాపారంగా దిగుమతి చేసేవాడు, పంపిణీ చేసేవాడు కూడా. 86వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఎవరో తెలియకపోయినా, తెలిసినా అతనికి నోటీసు అందించలేకపోయినా, అతను భారతదేశ చట్టానికి లోబడకపోయినా, ఆ వస్తువు అమ్మినవాడే బాధ్యత మొయ్యాలి. విదేశీ సరుకు కొన్నవాళ్ళకు ఇంతకన్నా పెద్ద ఆయుధం లేదు. ఆ ఆయుధం చేతికి రావాలంటే దిగుమతిదారు పేరు, చిరునామా కావాలి. అందుకే 2020 నియమాలు దిగుమతైన ప్రతి సౌందర్య సాధనం లేబుల్ మీద రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నంబరు, ఆ సర్టిఫికెట్ ఉన్నవారి పేరు, చిరునామా ఉండాలన్నాయి. ప్యాకేజీ వస్తువుల తూనికలు కొలతల నియమాలు, 2011 ప్రకారం దిగుమతిదారు వివరాలు, ఏ దేశపు సరుకో, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదుకు ఫోన్ నంబరు కూడా ఉండాలి. ఇవన్నీ కొరియా అక్షరాల పక్కన అంటించిన ఆ చిన్న స్టిక్కర్ మీదే ఉంటాయి. స్టిక్కర్ లేని పెట్టె కొనడం నోటు రాయించుకోకుండా అప్పివ్వడమే. స్టిక్కర్ ఉన్న పెట్టెను పారెయ్యడం రాయించుకున్న నోటును చింపుకోవడం.

ఇటీవల సలహాకు వచ్చిన ఒక వ్యవహారంలో అమ్మినవారి జవాబు వినియోగదారులందరూ తెలుసుకోవలసినది. సామాజిక మాధ్యమంలో బొమ్మలు పెట్టి, ఫోన్‌లో డబ్బు వేయించుకుని, కొరియర్‌లో సీరం పంపారు. చర్మం కమిలిందని అడిగితే, ‘స్టిక్కర్ లేదంటేనే అది అసలైన కొరియా సరుకని అర్థం, ఇక్కడి ఏజెంట్ల చెయ్యి పడలేదు’ అన్నారు. ఈ మాట చాలామందిని నమ్మిస్తోంది కాబట్టి గట్టిగా చెబుతున్నాను. స్టిక్కర్ లేకపోవడం అసలుతనానికి గుర్తు కాదు. ఆ సరుకు రిజిస్ట్రేషన్ లేకుండా మన దేశంలో అమ్మకానికి వచ్చి ఉండవచ్చనడానికి గుర్తు. అది నకిలీ కావచ్చు, గడువు దాటినది కావచ్చు, ఎండలో పడి ఉన్నది కావచ్చు. కాటెచిన్లు వేడికీ గాలికీ వెలుగుకీ తొందరగా చెడే పదార్థాలు. సరుకు మంచిదే అయినా, ప్రశ్న వచ్చినప్పుడు జవాబు చెప్పేవాడు లేడు. ఆ వ్యవహారంలో కొన్నవారి దగ్గర మిగిలింది సగం వాడిన సీసా, డబ్బు వెళ్ళిన ఖాతా వివరం, చెరిపేసిన సందేశాలు. 86వ సెక్షన్ అమ్మకందారును పట్టిస్తుంది సరే, ముందు ఆ అమ్మకందారు చిరునామా పట్టుకోవడానికే శక్తంతా ఖర్చవుతుంది.

దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. కొరియా ప్రభుత్వమే పరీక్షించి పంపుతుంది కదా, ఇక్కడి రిజిస్ట్రేషన్ నంబరుతో పనేమిటని కొందరు అడుగుతారు. అక్కడి ఆహార, ఔషధ భద్రతా మంత్రిత్వ శాఖ ముందుగా పరిశీలించేది ముడతలు తగ్గించడం, చర్మం రంగు తేల్చడం, ఎండ నుంచి కాపాడటం వంటి పనులు చెప్పుకునే ప్రత్యేక రకాలను. మామూలు తేమ క్రీముకో టోనర్‌కో అలాంటి ముందస్తు పరిశీలన ఉండదు. పైగా ఆ శాఖ కొరియాలో అమ్మేవారిని అదుపు చేస్తుంది గానీ మీ ఊరి అమ్మకందారును కాదు. సియోల్ వెళ్ళిన బంధువు తెచ్చిస్తే తప్పా అని ఇంకొందరు అడుగుతారు. సొంత వాడకానికి తెచ్చుకోవడం వేరు, ఇక్కడ అమ్మకానికి పెట్టడం వేరు. తెచ్చుకున్నది వాడుకోండి. కాకపోతే దానికి ఇక్కడ జవాబుదారీ ఎవరూ ఉండరని తెలిసి వాడుకోండి. వెయ్యి రూపాయల సీసాకు వినియోగదారుల కమిషన్ మెట్లెక్కాలా అన్నది మూడో ప్రశ్న. నష్టమంటే సీసా ధర ఒక్కటే కాదు, చికిత్స ఖర్చు, పడిన బాధ, మనోవేదన కూడా. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపుంటే జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు. మీరు నివసించే చోటే ఫిర్యాదు వెయ్యవచ్చు.

హక్కు ఉన్నా సాక్ష్యం పాడుచేసుకునేవాళ్ళ మీద నాకు ఓపిక తగ్గుతోంది. మంట పుట్టగానే పసుపు పూసి, ఇంకో క్రీము రాసి, పది రోజుల తర్వాత డాక్టర్ దగ్గరకు వెళితే ఏది దేనివల్ల వచ్చిందో ఏ నిపుణుడూ చెప్పలేడు. 2019 చట్టంలోని 87వ సెక్షన్ ప్రకారం వస్తువును తప్పుగా వాడితే అమ్మకందారు బాధ్యత తప్పించుకోవచ్చు. ముందు మోచేతి మడతలో కొద్దిగా రాసి చూడమని లేబుల్ చెబితే అలాగే చెయ్యండి, ఆ ఫొటో తీసి ఉంచండి. వాడకం ఆపి, సీసాను కడగకుండా, పెట్టెతో సహా దాచి, చర్మవైద్యుడికి చూపించి, వాడిన వస్తువు పేరు, బ్యాచ్ నంబరు చీటీలో రాయించుకోండి. ఆన్‌లైన్‌లో కొని ఉంటే ప్రకటన పేజీ, బిల్లు, సందేశాలు తీసి ఉంచండి. వాటిని కమిషన్ ముందు పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్, 2023 లోని 63వ సెక్షన్ కోరే ధ్రువపత్రం జతచెయ్యండి. అమ్మకపు వేదికలో ఫిర్యాదుల అధికారికి రాస్తే 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఇది 2020 నాటి ఈ-కామర్స్ నియమం.

అధికారుల గురించీ చెప్పాలి. ఔషధ నియంత్రణ కార్యాలయానికి వెళితే ‘వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళండి’ అని పంపెయ్యడం, నమూనా తీసేది ఇన్‌స్పెక్టర్లేనని చెప్పడం చట్టం తెలియని మాటలు. ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం, 1940 లోని 26వ సెక్షన్ కొన్నవారు ఎవరైనా నిర్ణీత రుసుము కట్టి తమ వస్తువును ప్రభుత్వ విశ్లేషకుడితో పరీక్ష చేయించుకుని నివేదిక తీసుకోవచ్చంటోంది. ఆ సెక్షన్ రాసి, రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. జిల్లా కమిషన్ కూడా వినియోగదారుల రక్షణ చట్టంలోని 38వ సెక్షన్ కింద నమూనాకు సీలు వేసి ప్రయోగశాలకు పంపగలదు. రిజిస్ట్రేషన్ లేని సరుకు అమ్మకాలు పట్టపగలు సాగుతుంటే, బాధితులు వచ్చేదాకా ఎదురుచూడటం అధికారుల పని కాదు. ఆన్‌లైన్ వేదికలు ప్రతి విదేశీ సౌందర్య సాధనం పేజీలో ధర పక్కనే రిజిస్ట్రేషన్ నంబరు చూపించేలా చెయ్యాలి. నంబరు లేని సరుకును వేదిక మీదకే రానివ్వకూడదు. అంతవరకు ఆ తనిఖీ భారం కొనేవారి మీదే ఉంది. ఇప్పటికే నష్టపోయినవారు కారణం పుట్టిన రోజు నుంచి 2 ఏళ్ళలోపు ఫిర్యాదు వెయ్యాలి. ముందుగా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి సలహా తీసుకోవచ్చు. కొత్తగా కొనబోయేవారు చర్మతత్వం చూసుకోండి, జాబితా చదువుకోండి, దిగుమతిదారు స్టిక్కర్ లేకపోతే డబ్బివ్వకండి. ఉంటే, సీసా పూర్తిగా అయిపోయేదాకా ఆ పెట్టెను, బిల్లును పారెయ్యకండి.