స్టార్ట్ చేయగానే కుళ్ళిన గుడ్డు వాసన

విజయవాడ ఆటోనగర్‌లో ఒక ఆటో ఎలక్ట్రికల్ షెడ్డు. ముందు రాత్రే వచ్చి ఆగిన డీజిల్ పికప్, నున్న మార్కెట్‌కి మామిడికాయలు తోలే బండి. పొద్దున్నే సెల్ఫ్ కొట్టిన కాసేపటికి క్యాబిన్‌లోకి ఏదో పాడు వాసన వస్తోందని డ్రైవర్ ఫిర్యాదు. బ్యాటరీ పోయిందనుకుని, కొత్తది వేయించుకోవడానికి సిద్ధపడే వచ్చాడు. మేస్త్రీ మాత్రం రాత్రికి బండిని వదిలి వెళ్ళమన్నాడు. చల్లటి ఇంజిన్‌లో వచ్చే వాసనను చల్లగా ఉన్నప్పుడే పట్టాలి. ఇంజిన్ వేడెక్కితే ఆయిలు, డీజిలు, రబ్బరు అన్నీ కలిసి ముక్కుకు ఏదీ తేలనివ్వవు.

ఉదయం ఆరింటికి పని మొదలవుతుంది. తాళం తిప్పడం కాదు, ముందు ప్రశ్నలు.

"సెల్ఫ్ తిరిగేటప్పుడు వస్తోందా, ఇంజిన్ అందుకున్నాకా?"

"అందుకున్నాకే బాబాయ్."

"బ్లోయర్ ఆపితే?"

"తగ్గుతుంది."

"బ్యాటరీకి నీళ్ళు ఎన్నాళ్ళకోసారి పోస్తున్నావబ్బాయ్?"

"ఈ ఎండలకి వారం వారం పోయాల్సొస్తోంది."

ఆ చివరి జవాబుకి మేస్త్రీ తలెత్తి చూస్తాడు. అయినా వెంటనే బ్యాటరీని అనుమానించడు. బానెట్ ఎత్తి టార్చిలైటు వేస్తాడు. ఇంజెక్టర్ల మీద మిగులు డీజిల్‌ని వెనక్కి పంపే సన్నటి రిటర్న్ పైపుల చుట్టూ తెల్ల కాగితం అద్దుతాడు. తడి లేదు, కాబట్టి డీజిల్ కారడం లేదు. ట్యాపెట్ కవర్ అంచు వేలితో తడుముతాడు. అక్కడి నుంచి ఆయిల్ దిగి వేడి మానిఫోల్డ్ మీద పడితే కమురు వాసన వస్తుంది, ఇక్కడ పొడిగానే ఉంది. కూలెంట్ డబ్బాలో మట్టం గీత దగ్గరే ఉంది. అది కారితే వాసన తియ్యగా ఉంటుంది. ఫ్యాన్ బెల్ట్ మీద నున్నటి మెరుపు లేదు, అంటే జారి కాలడం లేదు. ఎలుక గూడు కూడా లేదు. ఇదంతా పది నిమిషాల పని.

ఇప్పుడు స్టార్ట్ చేయిస్తాడు. రెండో నిమిషంలో వాసన మొదలవుతుంది, కుళ్ళిన కోడిగుడ్డు వాసన. అది హైడ్రోజన్ సల్ఫైడ్. పెట్రోల్ బండి అయితే సైలెన్సర్ లైన్లో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కూడా అనుమానించాలి. ఈ బండి వెనక పొగలో ఆ వాసన లేదు. 2020 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న బీఎస్-6 డీజిల్‌లో గంధకం కిలోకి 10 మిల్లీగ్రాములు మించదు, కాబట్టి డీజిల్‌నీ అనుమానించనక్కర్లేదు. ఇక మిగిలింది బ్యాటరీయే. అద్దం కింద జాలీలోంచి బ్లోయర్ లోపలికి లాగేది దాని పొగనే. ఈ వాయువు కాసేపు పీలిస్తే ముక్కు మొద్దుబారుతుంది. వాసన ఆగిందని డ్రైవర్ అనుకుంటాడు గానీ విషం అక్కడే ఉంటుంది. మేస్త్రీ రెండు తలుపులూ తెరిపిస్తాడు.

తర్వాత మల్టీమీటర్ అంకెలు. స్టార్ట్ చేయించేముందే తగిలించిన మీటర్‌లో బ్యాటరీ 12.6 వోల్టులు చూపించింది, నిండుగా ఉన్నట్టే. సెల్ఫ్ తిరిగేటప్పుడు 10.4కి దిగింది. 9.6 దాకా దిగినా ఒప్పుకోవచ్చు. ఇంజిన్ అందుకున్నాక 13.8 నుంచి 14.4 మధ్య నిలబడాలి. ఇక్కడ అంకె 15, 15.5 దాటి 15.9 దగ్గర ఆగుతుంది. హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసినా దిగదు. డైనమో మితిమీరి ఛార్జి తోస్తోంది. దాంతో బ్యాటరీలో నీళ్ళు హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోయి ఎగిరిపోతున్నాయి. వేడెక్కిన యాసిడ్ నుంచి ఈ కుళ్ళు వాయువు పుడుతోంది. వారం వారం నీళ్ళెందుకో ఇప్పుడు తేలింది.

కొన్ని షెడ్లలో ఇంజిన్ నడుస్తుండగానే బ్యాటరీ తీగ పీకి డైనమోని పరీక్షిస్తారు. ఇది చాలా చెడ్డ అలవాటు. ఆ ఒక్క క్షణంలో ఎగసిపడే వోల్టేజికి కొత్త బండ్ల ఈసీయూ, అంటే ఇంజిన్‌ని అదుపు చేసే కంప్యూటర్, కాలిపోవచ్చు. పైగా గాలిలో 4 శాతం హైడ్రోజన్ చేరితే చాలు, ఆ తీగ దగ్గర లేచే నిప్పురవ్వకే బ్యాటరీ పేలవచ్చు. ఈ మేస్త్రీ మీటర్ తప్ప వేరే పరీక్ష ఒప్పుకోడు.

డైనమోలో ఛార్జిని అదుపులో ఉంచేది రెగ్యులేటర్, షెడ్డు మాటలో కటౌట్. తప్పు దానిదేనని తేల్చేముందు ఇంకొకటి చూడాలి. బ్యాటరీ వోల్టేజిని కటౌట్‌కి చేరవేసే సన్నటి సెన్స్ వైరు తుప్పుపడితే, కటౌట్‌కి అసలు కంటే తక్కువ వోల్టేజి కనిపించి ఛార్జి పెంచేస్తుంది. ఆ వైరు రెండు కొసల మధ్య తేడా 0.05 వోల్టులే, కనుక వైరు మంచిదే. ఈ పరీక్షకు పట్టేది ఒక్క నిమిషం. చేయకపోతే కొత్త కటౌట్ వేసినా వాసన అలాగే వస్తుంది.

ఇంజిన్ ఆపి, వాయువు పోయేదాకా పావుగంట ఆగుతారు. ముందు నెగెటివ్ తీగ విప్పుతారు. బెల్ట్ వదులు చేసి డైనమోని బల్ల మీదికి తెస్తారు. వెనక మూత తీస్తే కటౌట్, కార్బన్ బ్రష్‌లు ఒకే దిమ్మలో ఉంటాయి. బ్రష్‌లు నొక్కుకునే రాగి వలయాలను, అంటే స్లిప్ రింగులను, జీరో నంబరు ఎమరీ కాగితంతో మేస్త్రీ రుద్దుతాడు. చేతి బలంతో కాదు, షాఫ్ట్‌ని తిప్పుతూ రాగి ఎర్రగా మెరిసేదాకా. పక్కకి రుద్దితే గీతలు పడి బ్రష్‌లు తొందరగా అరుగుతాయి. అందుకే కుర్రాళ్ళకి ఈ పని ఆలస్యంగా అప్పజెబుతాడు. కొత్త దిమ్మ బిగించి, డైనమో ఎక్కించి, బెల్ట్‌ని బొటనవేలితో నొక్కి చూస్తాడు. సెంటీమీటరు వంగితే సరి.

ఇక బ్యాటరీ. టెర్మినళ్ళ మీది పచ్చటి పొక్కుకి వంటసోడా నీళ్ళు పోస్తే నురగ లేస్తుంది. నురగ ఆగేదాకా కడుగుతారు. మూతల గాలి రంధ్రాలు పిన్నుతో శుభ్రం చేస్తారు. ప్లేట్లు మునిగేదాకా డిస్టిల్డ్ వాటర్ పోసి, ఆరుబయట 4 ఆంపియర్ల మీద రాత్రంతా నెమ్మదిగా ఛార్జి పెడతారు. నీళ్ళు పోసిన వెంటనే యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్ ముంచితే అబద్ధం చెబుతుంది. నీళ్ళూ యాసిడ్ కలవాలి. మర్నాడు ఆరు సెల్లులూ 1230, 1250 మధ్యే ఉన్నాయి. ఒక సెల్లు మిగతావాటి కంటే 50 పాయింట్లు తగ్గి ఉంటే బ్యాటరీ మార్చక తప్పేది కాదు.

చల్లటి ఇంజిన్, మళ్ళీ సెల్ఫ్. మీటరు 14.2 దగ్గర నిలబడుతుంది. పావుగంట నడిపినా, రేస్ చేసినా కదలదు. వాసన లేదు.

కటౌట్‌కి 1,150, కూలి 500, నీళ్ళకీ ఛార్జింగ్‌కీ 200, మొత్తం 1,850 రూపాయలు. కొత్త బ్యాటరీకి 7,000 పైనే అయ్యేది. పైగా ఆ 15.9 వోల్టులు దాన్నీ కొద్ది నెలల్లో తినేసేవి. మీ బండిలో ఈ వాసన వస్తే ఇంజిన్ ఆపి తలుపులు తెరవండి, దగ్గర్లో బీడీ గాని అగ్గిపుల్ల గాని వెలిగించనివ్వకండి, వెంటనే మళ్ళీ సెల్ఫ్ కొట్టకండి. బ్యాటరీ కొనేముందు ఛార్జింగ్ వోల్టేజి కొలిపించండి.