అమ్మకాల అంచనా: పండుగ ఏ నెలలో పడింది?

నెలవారీ అమ్మకాల్లో దీర్ఘకాలిక ధోరణి, సీజన్ ప్రభావం, వ్యాపార చక్రాలు, అనుకోని మార్పులు కలగలిసి ఉంటాయి. పన్నెండు నెలల మూవింగ్ యావరేజ్ తీస్తే సీజన్ ఎగుడుదిగుళ్లు సర్దుకుని ధోరణి బయటపడుతుంది. నెల అమ్మకాన్ని ఆ సగటుతో భాగించి, కొన్నేళ్ల ఫలితాలను సగటు చేసి, 100తో గుణిస్తే సీజనల్ ఇండెక్స్. పన్నెండు నెలల ఇండెక్స్‌ల మొత్తం 1200 అయ్యేలా సర్దుతారు. ధోరణి ప్రకారం నెలకు రూ.40 లక్షలు రావాల్సిన బట్టల దుకాణానికి అక్టోబరు ఇండెక్స్ 150 అయితే, ఆ నెల అంచనా రూ.60 లక్షలు.

అయితే మన దేశంలో ఈ లెక్కను యథాతథంగా నమ్మకూడదు. దీపావళి 2023లో నవంబరు 12న, 2024లో అక్టోబరు 31న, 2025లో అక్టోబరు 20న వచ్చింది. కొనుగోళ్లు పండుగకు ముందే సాగుతాయి కాబట్టి, 2023 నవంబరును 2024 నవంబరుతో పోల్చి గిరాకీ పడిపోయిందనడం పొరపాటు. అధికమాసం వచ్చిన ఏడాది, ఆ మాసం తర్వాతి పండుగలు మళ్లీ ఆలస్యంగా వస్తాయి. అక్టోబరు, నవంబరు రెండు నెలలూ కలిపి చూస్తే సరిపోతుంది కదా అనవచ్చు. వృద్ధి రేటు తెలుసుకోవడానికి సరిపోతుంది; సరుకు ఏ వారం తెప్పించాలో, అప్పు ఎప్పుడు తీసుకోవాలో అది చెప్పదు. అందుకే పండుగకు ముందు వారాలను విడిగా లెక్కించాలి. 2020 ఏప్రిల్ లాక్‌డౌన్ లాంటి నెలలను మాత్రం ఇండెక్స్ లెక్కలోంచి తీసేయడమే మేలు. అది సీజన్ కాదు.