వినబడీ వినబడని హోరు

నడిరేయి. ఊరంతా గాఢనిద్రలో మునిగి ఉంటుంది. అటువంటి వేళ ఒకరికి మాత్రం, వీధి చివర ఎవరో లారీని ఆపి ఇంజనును ఆపడం మరచిపోయినట్లు, బరువైన ఒక రొద ఎడతెగక వినబడుతూ ఉంటుంది. లేచి కిటికీ తెరచి చూస్తే వీధిలో ఏ వాహనమూ ఉండదు. తలుపులు బిగించినా రొద తగ్గదు సరికదా, ఇంటి లోపలనే అధికంగా తోస్తుంది. ఇంట్లోవారిని లేపి అడిగితే "మాకేమీ వినబడటం లేదే!" అన్న సమాధానం వస్తుంది. ఆనాటి నుండి ఆ వ్యక్తికి రెండు బాధలు. మొదటిది ఆ రొద. రెండవది తన మాటను ఎవరూ నమ్మకపోవడం. ఈ రెండవ బాధే దుస్సహమైనది.

ఆంగ్లేయులు దీనికి 'హమ్' అని పేరు పెట్టారు. మన కావ్యాలలో తుమ్మెద ఝంకారం రమ్యమైనది, సముద్రఘోష గంభీరమైనది. ఈ ధ్వని ఆ రెండు కోవలకూ చెందదు. హోరు అన్నమాటే దీనికి కొంత దగ్గరగా ఉన్నది.

ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో 1970 దశకంలో ఈ హోరు గురించి పలువురు ఫిర్యాదు చేశారు. అయితే ఈ విషయానికి ప్రపంచ ప్రసిద్ధిని తెచ్చినది అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రానికి చెందిన టావోస్ అనే చిన్న పట్టణం. అక్కడి పౌరుల మొర అమెరికా ప్రతినిధుల సభ వరకు వెళ్ళగా, 1993లో విశ్వవిద్యాలయ ఆచార్యులు, జాతీయ ప్రయోగశాలల శాస్త్రజ్ఞులు కలిసి పరిశోధనకు పూనుకొన్నారు. ఆ హోరు వినబడేది జనాభాలో సుమారు నూటికి ఇద్దరికేనని వారు అంచనా వేశారు. సున్నితమైన యంత్రాలను అమర్చి ఎంత వెదకినా, దానికి కారణమని చెప్పదగిన ధ్వని ఏదీ వాటికి చిక్కలేదు. బాధితులకు వేర్వేరు స్వరాలను వినిపించి, తాము వింటున్న హోరుతో సరిపోలేదానిని చూపమన్నారు. వారు చూపినవి 32 నుండి 80 హెర్ట్జుల మధ్య ఒక్కొక్కరికి ఒక్కొక్క విధంగా ఉన్నాయి. బయట ఉన్నది ఒకే మూలమైతే అందరికీ ఒకే స్వరం వినబడాలి కదా! అట్లని వారు అసత్యమాడారని మాత్రం శాస్త్రజ్ఞులు భావించలేదు.

అల్ప పౌనఃపున్య ధ్వని స్వభావమే చిత్రమైనది. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. కనుక 40 హెర్ట్జుల ధ్వని తరంగం పొడవు ఎనిమిదిన్నర మీటర్లు. అంతటి దీర్ఘతరంగాన్ని మామూలు గోడలు అడ్డలేవు. అవి హెచ్చు స్థాయి ధ్వనులను మాత్రమే ఆపుతాయి. అందువల్ల పక్షుల కూతలూ వీధి సందడీ బయటనే నిలిచిపోగా, హోరు ఒక్కటే లోనికి వస్తుంది. గది కొలతలు తరంగానికి అనువుగా ఉంటే ఒక మూల అది మరింత బలపడుతుంది. రెండు చెవులనూ ఇంచుమించు ఒకే తీరున తాకడం వలన అది ఏ దిక్కు నుండి వస్తున్నదో తెలియదు.

కారణం దొరికిన సందర్భాలు లేకపోలేదు. కాలిఫోర్నియాలోని సాసలిటోలో పడవ ఇండ్లవారికి 1980 దశకంలో నిద్ర లేకుండా చేసినది, ఆడచేపలను పిలిచే ఒక జాతి మగచేపల రాత్రి కూత అని తేలింది! ఇండియానా రాష్ట్రంలోని కొకోమో పట్టణంలో 2003లో జరిపిన పరిశోధనలో ఒక కర్మాగారపు శీతలీకరణ గోపురం నుండి 36 హెర్ట్జుల ధ్వని, మరొక చోట వాయు సంపీడన యంత్రం నుండి 10 హెర్ట్జుల ధ్వని వెలువడుతున్నట్లు గుర్తించారు. వాటిని సరిచేసిన తరువాత కూడా కొందరికి హోరు వినబడుతూనే ఉన్నది. కెనడాలోని విండ్సర్ వాసులు 2011 నుండి పడిన బాధకు నదికి ఆవల, అమెరికా భూభాగంలోని జగ్ ద్వీపపు ఉక్కు కొలుములు కారణం కావచ్చునని 2014 నాటి నివేదిక సూచించింది. పొరుగు దేశపు కర్మాగారాన్ని ఆపించే అధికారం వారికి లేదు. 2020లో ఆ కొలుములు చల్లారగా హోరు కూడా అణగింది. విండ్సర్ వారిని భ్రమపరులని నవ్వినవారు అప్పుడు ఏమనుకొన్నారో!

ఏ యంత్రానికీ చిక్కని హోరు మాటేమిటి? కర్ణనాదం అనే వ్యాధిని సుశ్రుతుడు ఏనాడో పేర్కొన్నాడు. బయట శబ్దం లేకున్నా చెవిలో ధ్వని తోచడం దాని లక్షణం. అది సాధారణంగా హెచ్చు స్థాయి స్వరంగా ఉంటుంది కాని, తక్కువ స్థాయిలో ఉండటం కూడా సాధ్యమే. చెవి తనంతట తానే సూక్ష్మధ్వనులను పుట్టిస్తుందని 1978లో డేవిడ్ కెంప్ ప్రయోగపూర్వకంగా నిరూపించాడు. అయితే బాధితులు అందరికీ ఇదే కారణమని చెప్పలేము. వినికిడి పరీక్షతో పాటు ఇంటి చుట్టూ ఉన్న మోటార్లను, పంపులను, పరిశ్రమలను కూడా పరిశీలించవలసి ఉంటుంది.

మూలం దొరకనివారు దానితోనే కాలం గడపాలి. నిశ్శబ్దంలో హోరు పెరిగినట్లు తోస్తుంది కనుక కొందరు రాత్రంతా పంకా తిరగనిస్తారు, కొందరు మెల్లగా రేడియో పెట్టుకొంటారు. 'ఇప్పుడు వస్తున్నదా, లేదా' అని చెవి యొగ్గి పరీక్షించే అలవాటు బాధను ఇనుమడింపజేస్తుంది. దానిని మాన్పించేందుకు మానసిక చికిత్సకులు శిక్షణ ఇస్తున్నారు. దాని వల్ల హోరు ఆగిపోదు. దానిపై ధ్యాస తగ్గి, కొందరికి కంటినిండా నిద్ర పడుతుంది. ఇంట్లోవారు తమకు వినబడకపోయినా, "నీకు వినబడుతున్నది నిజమే" అన్ననాడు, వైద్యుని వద్దకు వెళ్ళడానికి సంకోచించినవారు కూడా వెళ్ళగలుగుతారు.